తెనాలి విగ్రహాల షెడ్డులో ప్రాసెసర్ లెక్క

తెనాలిలో విగ్రహాలు చేసేవాళ్ల షెడ్డు కనుక్కోవడానికి ఎవరినీ అడగనక్కర్లేదు. రంగు పడని అంబేడ్కర్, చెయ్యి ఇంకా అతకని గాంధీ, ఏదో ఊళ్లో పెట్టబోయే పెద్దాయన బస్టు రోడ్డు మీదికే కనిపిస్తుంటాయి. నేను వెళ్లిన షెడ్డులో పని రెండు చోట్ల జరుగుతోంది. ముందువైపు తండ్రి మట్టిలో ముఖం దిద్దుతున్నారు. వెనక చిన్న గదిలో కొడుకు పెన్ ట్యాబ్లెట్ పట్టుకుని జీబ్రష్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో ఇంకో ముఖం మలుస్తున్నాడు. కంప్యూటర్‌లో నమూనా చేసి, ఆర్డర్ ఇచ్చినవాళ్లకు నాలుగు వైపులా తిప్పి చూపిస్తారు. వాళ్లు ఒప్పుకున్నాక థర్మాకోల్ దిమ్మను సీఎన్‌సీ యంత్రం మీద కోయిస్తారు. దానిమీద మట్టి పూత, ఆ తర్వాత అచ్చు, ఫైబర్ ఎప్పటిలాగే. ముక్కు కాస్త సన్నం చేయమని పెద్దాయన మనవడు అడిగితే, ఆ మార్పు ఇప్పుడు తెర మీదే అయిపోతోంది.

ఆ గదిలోని పాత కంప్యూటర్ ఇక లాగలేకపోతోంది. బల్ల మీద విజయవాడ షాపువాళ్లు ఇచ్చిన రెండు కొటేషన్లున్నాయి. ఒకదానిలో రైజెన్ 5 7600. రెండోదానిలో రైజెన్ 9 7950ఎక్స్, దానికి జోడీగా పెద్ద గ్రాఫిక్స్ కార్డు. "శిల్పాలకైతే రెండోదే తీసుకోవాలన్నారండీ షాపులో" అన్నాడు కుర్రాడు. అప్పు చేసైనా కొనాలన్న ఆలోచన వాళ్లింట్లో అప్పటికే మొదలైంది. ఆ మాట నన్ను బాగా కలవరపెట్టింది. చేతిలో ఇంత పని ఉన్నవాళ్లు, పనికిరాని చోట డబ్బు పోయకూడదు.

కాగితం మీద తేడా పెద్దదే. 7600లో 6 కోర్లు, 12 థ్రెడ్లు. 7950ఎక్స్‌లో 16 కోర్లు, 32 థ్రెడ్లు. విడుదలైనప్పుడు మొదటిదాని ధర 229 డాలర్లు, రెండోది 699. ధర మూడింతలు. కానీ ఒక్క కోరు అందుకోగల గరిష్ఠ వేగం చూస్తే ఒకటి 5.1 గిగాహెర్ట్జ్, ఇంకొకటి 5.7. ఇక్కడ తేడా దాదాపు పన్నెండు శాతమే. రెండూ ఒకే తరానివి కాబట్టి ఈ పోలిక చెల్లుతుంది. వేర్వేరు తరాల ప్రాసెసర్లను గిగాహెర్ట్జ్ చూసి తూచకూడదు.

వాదన ఎందుకని, పాత సిస్టమ్‌లోనే చూద్దామన్నాను. నాలుగు కోర్ల ఐ3 10100, 8 జీబీ ర్యామ్. టాస్క్ మేనేజర్ పక్కన తెరిచి పెట్టి అతను బ్రష్ కదిలించాడు. మీసం దగ్గర గీత చేతివెనక ఆగి ఆగి వస్తోంది. ప్రాసెసర్ మాత్రం ఊపిరి పీల్చుకుంటూనే ఉంది. ర్యామ్ గొంతుదాకా నిండింది, డిస్కు ఆగకుండా తిరుగుతోంది. జీబ్రష్‌లో ఒక్క సబ్‌టూల్, అంటే బొమ్మలో ఒక విడి భాగం, పది కోట్ల పాలిగాన్ల (ఉపరితలాన్ని అల్లే చిన్న పలకల) దాకా వెళ్లగలదు. తల, కళ్లజోడు, కండువా, చొక్కా మడతలు వేర్వేరు సబ్‌టూల్స్‌గా పెరుగుతూ పోతే ముందు అయిపోయేది ర్యామే. తర్వాత జీరీమెషర్ నొక్కమన్నాను. పాలిగాన్లను కొత్తగా అల్లే ఆ పని సాగుతున్నంతసేపూ ప్రాసెసర్ మొత్తం వాడకం ఎక్కువగా 14 శాతం దగ్గరే ఆడింది. ఎనిమిది థ్రెడ్లలో దాదాపు ఒక్కటే కష్టపడుతోందన్నమాట. ఆఖరున రెండర్ ఇచ్చినప్పుడు మాత్రం అన్నీ ఒక్కసారి నూరుకు లేచాయి.

అప్పటికి తండ్రి చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. విషయం చెబితే వెంటనే అందుకున్నారు. "పాదాల దిమ్మకు మట్టి కొట్టడానికైతే పదహారు మందినీ పెట్టొచ్చండీ. కన్ను దిద్దేటప్పుడు ఒక్కడి చెయ్యే ఉండాలి. మిగతావాళ్లు నిలబడి చూడాల్సిందే." కోర్లకూ థ్రెడ్లకూ ఇంతకన్నా స్పష్టమైన వివరణ నేను వినలేదు.

గ్రాఫిక్స్ కార్డు సంగతి మరీ ముఖ్యం. ఎందుకంటే ఎక్కువ డబ్బు అక్కడే పోతుంది. జీబ్రష్ మలిచే పనినంతా ప్రాసెసర్ మీదే నడుపుతుంది. తెరమీద బొమ్మ గీయడానికి కూడా పెద్ద కార్డు అడగదు. 7600లోనే చిన్న గ్రాఫిక్స్ ఉంది కనుక కార్డు లేకుండానే పని మొదలుపెట్టవచ్చు. బ్లెండర్ అనే ఇంకో 3డీ సాఫ్ట్‌వేర్ అలా కాదు, తెర మీద చూపించడానికీ దాని సైకిల్స్ రెండరింగ్‌కూ కార్డు ఉపయోగపడుతుంది. వీళ్లు బ్లెండర్ వాడేది అరుదు. కార్డు తర్వాతైనా కొనుక్కోవచ్చు.

ఇంకో మాట కొటేషన్లలో ఉండనే ఉండదు. షెడ్డంతా ప్లాస్టర్ పొడి. కిటికీ అంచు మీద వేలు పెడితే తెల్లగా అంటుకుంది. 7950ఎక్స్ 170 వాట్ల ప్రాసెసర్, డబ్బాలో కూలర్ రాదు, పెద్దది విడిగా కొనాలి. 7600 65 వాట్లది, కూలర్ డబ్బాలోనే వస్తుంది. మే నెల తెనాలి ఎండలో, ఈ పొడిలో, తక్కువ వేడి పుట్టించేదే ఎక్కువ కాలం నిలకడగా నడుస్తుంది.

మిగిలే డబ్బును 64 జీబీ ర్యామ్‌కు పెట్టమన్నాను. అదీ 32 జీబీవి రెండు ముక్కలు. 16వి నాలుగు పెడితే ఈ ప్రాసెసర్లలో కంపెనీ హామీ ఇచ్చే ర్యామ్ వేగం 5200 నుంచి 3600కు పడిపోతుంది. రెండు ప్రాసెసర్లదీ ఏఎం5 సాకెట్టే. రేపు యానిమేషన్ ఆర్డర్లు వచ్చి రెండర్లు రోజూ నడపాల్సి వస్తే, బోర్డు మార్చకుండా ఎక్కువ కోర్లది పెట్టుకోవచ్చు. ఆ రోజొస్తే పదహారు కోర్లు నిజంగానే పనికొస్తాయి.

కుర్రాడు షాపుకు ఫోన్ చేశాడు. "అన్నా, మొదటి కొటేషనే. ర్యామ్ మాత్రం మార్చు, ముప్ఫై రెండువి రెండు." అవతలివాళ్లు కార్డు గురించి మళ్లీ అడిగినట్టున్నారు. "ఇప్పుడొద్దు" అన్నాడు. తండ్రి ఈలోగా వడ్రంగిని పిలిచి, ఆ గది తలుపు సందులకు రబ్బరు పట్టీ వేయడానికి కొలతలు తీయిస్తున్నారు.