పాటలోని తల్లి

మా యక్కగారి కుమారుడు సైన్యములో చేరుటకు దరఖాస్తు పెట్టుకొనిన దినములలోని మాట యిది. పగలు పదిమంది నడుమ "మావాడు సిపాయి కాబోతున్నాడు" అని పొంగిపోవు మా యక్క, రాత్రి దీపమార్పిన పిమ్మట నిట్టూర్చుట మేము వినుచునే యుంటిమి. ఒకనాటి మధ్యాహ్నమున మేమిరువురమును చేటలలో బియ్యమేరుచుండగా, కళాశాలలో చదువుచున్న మా అమ్మాయి తన ఫోనులో నొక పాత అమెరికా పాటను వినిపించి, దాని భావమును మాకు తెలుగున చెప్పినది.

అది మొదటి మహాయుద్ధకాలమున, 1915లో వెలువడిన పాట. ఆల్ఫ్రెడ్ బ్రయన్ వ్రాయగా ఆల్ పియాంటడోసి స్వరపరచెను. తన కొడుకును తాను సిపాయిగా పెంచలేదని యొక తల్లి మొరపెట్టుట దాని సారాంశము. అప్పటి కింకను అమెరికా యుద్ధమున దిగలేదు. పాట యెంతయో ప్రచారమందెను. మాజీ అధ్యక్షుడగు థియొడోర్ రూజ్వెల్టు దానిని మెచ్చు స్త్రీలను ఎగతాళి చేసెను. కొడుకును యుద్ధమునకు పంపి గర్వించు తల్లుల పాటలును బదులుగా పుట్టెను. 1917 ఏప్రిలులో అమెరికా యుద్ధమున ప్రవేశించెను. ఆ తల్లి గొంతు అణగిపోయెను.

ఇది విని మా యక్క చేట క్రింద పెట్టి, "నా బిడ్డ పోకూడదంటే, మరి ఎవరి బిడ్డ పోవాలే? ఎవరు పొమ్మన్నారే?" అని యడిగినది. మేము బదులు చెప్పలేకపోతిమి.

సోదరీమణులారా! ఆ ప్రశ్నతోనే తక్కిన పాటలను పరీక్షింప మొదలిడితిమి. 1955లో పీట్ సీగర్ యొక పాటను కట్టెను. షోలొఖోవ్ నవలలోని కొసాక్కుల జానపదగీత మొకటి దానికి ఆధారము. 1960లో జో హికర్సన్ మరికొన్ని చరణములను చేర్చగా, పూలతో నారంభమైన పాట యువతులు, యువకులు, సైనికులు, సమాధుల మీదుగా మరల పూలను చేరును. వినువారి కన్నులు చెమర్చును. కాని యందు రాజు లేడు, మంత్రి లేడు. యుద్ధము ఋతువువలె తనంతట తానే వచ్చిపోవుచున్నట్లుండును.

1963లో బాబ్ డిలన్ విడుదల చేసిన యుద్ధప్రభువుల పాట దీనికి భిన్నము. ఆయుధములు చేయించి తాము మాత్రము చాటున సుఖముగ కూర్చుండువారిని అది నిలదీయును. మా యక్క ప్రశ్నకు జవాబచ్చట కలదు. అయినను ఆ పాట తుదకు వారి చావునే కోరును. ఆ కోపమునందు తల్లికి చోటులేదు.

జవాబును, తల్లి మనస్సును రెండును మాకు మన తెలంగాణపు పాటలో కనబడినవి. 1946 మొదలు 1951 వరకు సాగిన రైతాంగ సాయుధపోరాటపు కవి సుద్దాల హనుమంతు, పశువులుగాచు పాలేరు పిల్లవానిపై వ్రాసిన పాట అది. 1979 నాటి 'మా భూమి' చిత్రమున చాలమంది వినియుందురు. అందు సింహాసనము లేదు, ఫిరంగి లేదు. చలికాగని చింపిబట్ట, జీతపు వడ్లలో తాలు, కొలతలో తరుగు! దొరతనమనగా కోటలో నుండునది కాదు, కుంచము కొలుచువాని చేతిలో నుండునని ఆ పాట చూపును. తాలు చెరుగు చేతులకు ఈ సంగతి వేరుగ చెప్పవలెనా?

దుఃఖమును చూపు పాట సగము పాట మాత్రమే. ఎవరి చేయి కొలిచినదో, ఎవరి బిడ్డకు తరుగు వచ్చినదో చెప్పినగాని అది పూర్తి కాదు.

మా యక్క కుమారుని దరఖాస్తుకు జవాబింకను రాలేదు. అతడు పోయినను మానినను అది అతని నిశ్చయము. కాని మా యక్క యిప్పుడు రాత్రులు నిట్టూర్చుటకు బదులు ఉదయమే వార్తాపత్రిక తెప్పించుకొని, సరిహద్దు సంగతులు చదివి, "ఇది ఎవరు నిర్ణయించారే?" అని మమ్మడుగుచున్నది.