పాలిథీన్ పందిరి

మిషిగన్‌లోని మా అమ్మాయి ఇంట ఉగాది నాటికీ చలి పూర్తిగా వీడదు. మే నెల నడుమ దాకా మంచుదెబ్బ భయమే. గోంగూర, మిరప, వంగ చలికి ఓర్వనివి. ఎనిమిది వారాల ముందే ఇంట్లో నారు పోయాలి.

మొలకెత్తడానికి వెచ్చదనం చాలు. ఎదగడానికి ఎండ కావాలి. అందుకని దక్షిణపు గోడవారన ప్లాస్టిక్ గొట్టాలను విల్లులుగా వంచి, పాలిథీన్ పట్టా కప్పి, అంచులకు ఇటుకలు పెట్టాము. లోపల నీళ్ళు నింపిన నల్లని డబ్బాలు పగటి వేడిని దాచుకొని రాత్రి విడుస్తాయి. ఎండవేళ పట్టా ఎత్తకుంటే నారు ఉడికిపోతుంది; గడ్డకట్టే రాత్రులలో తట్టలను ఇంట్లోకి చేర్చవలసిందే.

పగలు కురచబడితే గాని గోంగూర పూయదు. గింజ ముదిరేలోగా అక్కడ మంచు కాటేస్తుంది. కనుక ఏటేటా కొత్త విత్తనమే, కొత్త పందిరే. పచ్చడినే తప్ప మొక్కనెరుగని మనుమడికి ‘నారు’, ‘మొలక’ అన్న మాటలు ఆ పందిరి క్రిందనే పట్టుబడ్డాయి. మాటలకూ ఏటేటా విత్తు వేయవలసిందే కదా, మిత్రులారా!