బరువులూ, మార్కులూ

మన ఇళ్ళల్లో ఆడపిల్ల ఆటకి ఓ వయస్సుంది. టెన్తు దాకా ఆడితే "చలాకీ పిల్ల" అంటారు. టెన్తులోనూ ఆడితే "చదువు మీద ధ్యాస లేదు" అంటారు. ఇంటర్‌కొచ్చాక కూడా ఆడుతోందంటే, ఆ తల్లి పేరంటానికి వెళ్ళి నలుగురిలో కూర్చోలేదు. ఒక్క మినహాయింపు వుంది - ఆ ఆట వల్ల సీటొచ్చేట్టయితే!

ఆ మినహాయింపు పేరే స్పోర్ట్స్ కోటా. మన రాష్ట్రంలో ఇంజనీరింగు సీట్లలో దాని వాటా అరశాతం. అంటే 200 సీట్లలో ఒక్కటి చెమటకన్న మాట. ఆ ఒక్కదాన్ని చూసి కూడా "మార్కుల్లేని వాళ్ళు ఎగరేసుకుపోతున్నారండీ" అని నిట్టూర్చేవాళ్ళని నేనెరుగుదును.

మా ఆడపడుచు కూతురు ఆమదాలవలస దగ్గర బరువులెత్తే పిల్ల. ఆ ప్రాంతంలో అదేమంత వింత కాదు. ఆ పక్కనున్న ఊసవానిపేట పిల్లే కదా కరణం మల్లీశ్వరి! 2000 సంవత్సరం సిడ్నీలో 110, 130 - మొత్తం 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ అయింది. ఇప్పుడక్కడ ఆడపిల్ల బరువెత్తుతోందంటే ఎవరూ బుగ్గలు నొక్కుకోరు.

మా పిల్లకీ పతకాలొచ్చాయి, కోటాలో సీటూ వచ్చింది. కాలేజీ వాళ్ళు ముచ్చటపడి ఫోటో గోడకి తగిలించారు. తీరా పోటీలకి వెళ్ళి ఇరవై రోజుల తర్వాత వచ్చేసరికి, లెక్కల్లో నాలుగు పాఠాలు దాటిపోయాయి. మళ్ళీ చెప్పమంటే "కోటా పిల్లలతో ఇదే గొడవ" అన్నారట.

"ఏటత్తా, ఎంత బరువైనా ఎత్తుతాను గానీ, ఆ మాట మొయ్యనేకపోతన్నాను" అంది ఫోన్లో. నాకు జవాబు తోచలేదు.

ఈ తగువు మనదొక్కటే కాదు. అమెరికా కాలేజీలు ఆటగాళ్ళని ఊరూరా వెతికి మరీ చేర్చుకుంటాయి. చదువు రాని పిల్లల్ని ఆడించుకుని వదిలేస్తున్నారన్న విమర్శ వచ్చి, 1986 నుంచి మొదటి ఏడాదే జట్టులో ఆడాలంటే హైస్కూలు మార్కులతో పాటు, 1600కి జరిగే పరీక్షలో 700 అయినా తెచ్చుకోవాలన్నారు. బీదపిల్లలకీ, నల్లజాతి పిల్లలకీ అది అడ్డుగోడ అయిందని ఏళ్ళ తరబడి వాదనలు జరిగాయి. చివరికి 2023లో ఆ పరీక్ష నిబంధన ఎత్తేశారు. హైస్కూలు మార్కులు మాత్రం చూడడం మానలేదు.

అసలు మార్కులూ పరుగులూ ఏవీ అడగని కోటా ఒకటుంది. 1936లో ఇంగ్లండు వెళ్ళిన మన క్రికెట్ జట్టుకి కెప్టెన్ విజ్జీ గారు - మన విజయనగరం పూసపాటి వారే. మూడు టెస్టుల్లో కలిపి ఆయన చేసినవి 33 పరుగులు. "ఏ కోటా బాబూ?" అని ఎవరైనా అడిగారా? హోదాకి కోటా అన్న పేరుండదు మరి!

కనీస మార్కులు వద్దని నేననను. కండ ముప్ఫయ్యేళ్ళకి సడలుతుంది. మోకాలు అంతకుముందే మొరాయించవచ్చు. ఆనాడు చేతిలో డిగ్రీ వుండాలి. కానీ ఇంత రావాలని గీత గీసినవాళ్ళు, ఆ గీత దాటే దారి కూడా చూపించాలి కాదూ? పిల్ల పతకం తమదని చెప్పుకునే కాలేజీ, ఆ పతకం కోసం పోయిన పాఠం కూడా తమ బాధ్యతే అనుకోవద్దూ?

కాలేజీ సంగతి సరే, ఇంటి సంగతి చూడండి. "సీటొచ్చేసింది కదా, ఇంకా ఆ బరువులెందుకే?" అంటోంది మా ఆడపడుచు. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టే! ఢిల్లీలో పెట్టిన క్రీడా విశ్వవిద్యాలయానికి 2021లో మొదటి వైస్ ఛాన్సలర్‌గా వేసింది మన మల్లీశ్వరినేనని చెప్పాను. "అలాగా! జీతమెంతో?" అంది.

వచ్చే నెల్లో ఒకే వారంలో లెక్కల పరీక్షా, పోటీలూ పడ్డాయి. ఏది వదలమంటారో కాలేజీ వాళ్ళు చెప్పలేదు. తల్లి మాత్రం చెప్పేసింది. పిల్ల తెల్లారి నాలుక్కే లేచి బరువులు ఎత్తుతోంది. రాత్రి పదకొండు దాకా లెక్కలు చేస్తోంది. మనం మాత్రం కోటాలో సీటు ఊరికే వస్తుందని అనుకుంటున్నాం.