సింకులో పోసిన నూనె ఎక్కడికి పోతుంది?

హైదరాబాద్ నార్సింగిలో ఇప్పుడు 30, 40 అంతస్తుల టవర్లు మామూలైపోయాయి. ఒకదాని మీద ఒకటున్న ఇళ్ళ వంటగది నీళ్ళన్నీ ఒకే నిలువు పైపులో దిగుతాయి. అడుగున ఎక్కడో జిడ్డు గడ్డకట్టి అడ్డంపడితే, ఆ మురుగంతా కింది అంతస్తువాళ్ళ సింకులోకి పొంగుతుంది. పాపం, వాళ్ళు చేసిన తప్పేమీ ఉండదు.

గారెలు వేయించిన నూనె సింకులో పోసి, వెనకాలే వేణ్ణీళ్ళు కుమ్మరిస్తే పోయిందనుకుంటాం. పోదు. కాస్త కిందికి జారి, చల్లబడి, పైపు గోడకు పట్టేస్తుంది. దానికి గంజి, టీపొడి, కొబ్బరిపీచు అంటుకుంటాయి. మిగిలిన నూనె సీసాలో పోసి మూతపెట్టండి. జిడ్డు మూకుడు కాగితంతో తుడిచాకే కడగండి. సింకుకు జాలీ పెట్టండి.

నీళ్ళు నిలిస్తే ముందు ప్లంజర్‌తో నొక్కండి, తర్వాత సింకు కింద బాటిల్ ట్రాప్ విప్పి కడగండి. చాలాసార్లు అంతటితో సరి. యాసిడ్, బ్లీచింగ్ మాత్రం కలపకండి, క్లోరిన్ వాయువు పుడుతుంది.

వ్యవహారం మ్యాన్‌హోల్ దాకా వస్తే? రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దించడం 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం నేరం. మురుగులో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎన్ని లక్షలిచ్చినా ఆ మనిషి తిరిగిరాడు. మురుగు తీసే మెషీన్ వచ్చేదాకా ఆగుదామని మీ అసోసియేషన్‌లో గట్టిగా చెప్పండి.