దాచిన పేరు, చెఱపిన పేరు

ఒక కావ్యము చక్కగా నున్నదని యొప్పుకొన్న పిమ్మట జనులడుగు మొదటి ప్రశ్న "దీనిని వ్రాసిన దెవరు?" అనునది. ఈ ప్రశ్న న్యాయమైనదే. చేసినవారికి చేసినదాని ఫలము చెందవలెనను ధర్మము పొలముపని కెట్లో పద్యరచనకు నట్లే వర్తించును. కాని దీనికి బదులు వెదకుటలో మనవారు త్రొక్కు మార్గములు రెండు. పుస్తకమున బయటికి కనబడు సాక్ష్యమును తూచి చూచుట మొదటిది. పద్యముల యక్షరములలో రహస్యముగా నెవరి పేరో దాగియున్నదని నమ్మి, దానిని లెక్కలతో పైకి లాగుట రెండవది. ఈ రెండవ మార్గమున బుద్ధిమంతులును నడచుచుండుటచేతను, దాని ఫలము మన యిండ్లలోనికి కూడ వచ్చుచుండుటచేతను, నాలుగు మాటలు చెప్పవలసి వచ్చినది.

మొదటి మార్గమునకు నిదర్శనము మన విశాఖపట్టణమునకు దగ్గఱనే ఆరంభమగుచున్నది. శ్రీకృష్ణదేవరాయలు కళింగదండయాత్రలో 1516వ సంవత్సరమున సింహాచలమునకు వచ్చి, స్వామికి 991 ముత్యముల హారమును సమర్పించెను. ఆ దానము శాసనమునకు ఎక్కినది. పొట్నూరుకడ జయస్తంభమును నాటించినవాడును ఆయనయే. ఈ రాజే ఆముక్తమాల్యదను రచించెననుట సంప్రదాయము. కాని దండయాత్రలు చేయువానికి ఇంత తీరికయు నింత పాండిత్యము నెక్కడివనియు, ఆస్థానకవియగు అల్లసాని పెద్దనయే వ్రాసి రాజు పేర నుంచెననియు కొందఱు వాదించిరి. వారు చూపిన యాధారము రహస్యమైనది కాదు. రాజవంశమును వర్ణించు పద్యములు కొన్ని మనుచరిత్రమునందును ఆముక్తమాల్యదయందును సమానముగా నున్నవి. దీనికి రెండవ పక్షమువారు, ఆస్థానకవి చెప్పిన ప్రశంసాపద్యములను రాజు తన యవతారికలో చేర్చుకొనుట వింత కాదనియు, కావ్యములోపల పెద్దన ధారాళమైన నడక కానరాదనియు, పల్లెల వానకాలపు బ్రతుకును వర్ణించిన తీరును, నాలుగవ యాశ్వాసమున రాజనీతిని చెప్పిన తీరును రాజ్యము చూచి యేలినవానివే యనియు బదులు చెప్పిరి.

క్రీడాభిరామము మాటయు నిట్టిదే. కర్తగా వినుకొండ వల్లభరాయని పేరున్నను, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు దానిని శ్రీనాథుని రచనగా వాదించిరి. వారు శైలిని, పద్యముల పోలికలను చూపిరి. ఒప్పుకొననివారు ఆ పోలికలకే వేఱు కారణములు చెప్పిరి. ఈ వాదములలో గెలుపెవరిదైనను కానిండు. ఇరుపక్షములవారి ముందును ఉన్న పుస్తక మొక్కటియే. చదువరి తానును దానిని తెఱచి చూచి తీర్పు చెప్పుకొనవచ్చును.

అట్లని అక్షరములలో పేరు దాచుట మన కవులెఱుగని పని కాదు. చిత్రకవిత్వము మనకు శాస్త్రముగానే యున్నది. పద్మబంధము, చక్రబంధము, నాగబంధము మొదలగువానిలో పద్యాక్షరములను బొమ్మయందలి గడులలో నియమించిన క్రమమున వ్రాయుదురు. మాఘుని శిశుపాలవధమున 19వ సర్గము చివరి పద్యమును చక్రముగా వ్రాసినచో, లోపలి వలయములలో కవి పేరును కావ్యము పేరును కనబడును. అక్షరములకు అంకెలు కట్టు కటపయాది లెక్కయు నిట్టిదే. "జయ" అను మాటలో జకారమునకు 8, యకారమునకు 1. అంకెలను వెనుకనుండి చదువుట నియమము గావున 18 వచ్చును. భారతపర్వముల సంఖ్యయు నదియే. ఈ గుట్టులన్నిటికిని తాళపుచెవి ముందే లోకమునకు తెలిసియున్నది. విజయనగరమున కూర్చుండి విప్పినను, తంజావూరున కూర్చుండి విప్పినను వచ్చునది యొక్కటియే. మఱియు మాఘుని చక్రమున దొరకునది లోకమెల్ల నెఱిగిన కవి పేరే. ఒకని కావ్యమును మఱియొకనికి కట్టబెట్టుటకు ఆ చక్రము పుట్టలేదు.

గుట్టు విప్పుట యెట్లు పెడదారి పట్టునో ఇంగ్లీషువారి చరిత్రమువలన తెలియును. షేక్‌స్పియరు చిన్న పట్టణమున చేతితొడుగులు చేసి అమ్మువాని కుమారుడు; విశ్వవిద్యాలయమున చదివినవాడు కాడు. అట్టివాడు రాజసభలను గూర్చి యంత గొప్పగా వ్రాయగలడా యను సందేహము 19వ శతాబ్దమున బలపడి, ఆ నాటకములను గొప్ప పదవుల నలంకరించిన ఫ్రాన్సిస్ బేకనుకు అప్పగించు ప్రయత్నము సాగినది. 1888లో ఇగ్నేషియస్ డానెల్లీ యను అమెరికా రాజకీయవేత్త పుటలను, మాటలను లెక్కించి, బేకను దాచిన రహస్యకథను బయటికి తీసితినని పెద్ద గ్రంథమును ప్రకటించెను. ఆ సంవత్సరముననే నికల్సన్ అను మతాచార్యుడు ఆ పద్ధతినే పట్టి, నాటకమును షేక్‌స్పియరే వ్రాసెనను వాక్యమును రాబట్టి చూపెను. పిమ్మట యుద్ధకాలపు రహస్యలిపులను విప్పుటలో ప్రసిద్ధికెక్కిన విలియం ఫ్రీడ్‌మన్, ఎలిజబెత్ ఫ్రీడ్‌మన్ దంపతులు ఈ వాదములను పరీక్షించి 1957లో ఒక గ్రంథము వెలువరించిరి. కావ్యములో గుట్టు ఉండుట అసంభవమని వారనలేదు. నియమము స్థిరముగా నుండవలెననియు, వచ్చిన మాట అర్థవంతమై యుండవలెననియు, వేఱొకడు స్వతంత్రముగా విప్పినను అదియే రావలెననియు మాత్రమే కోరిరి. వారు చూచిన బేకను గుట్టులలో నొక్కటియు ఆ పరీక్షకు నిలువలేదు.

ఇది దూరదేశపు ముచ్చట యనుకొనుటకు వీలులేకుండ మా యింటను జరిగినది. మా నాయనమ్మగారు సింహాద్రి అప్పన్నపై పాటలు పాడెడివారు. చందనయాత్రకు కొండకు పోవునపుడును, పెండ్లి పేరంటములందును మా బంధువుల స్త్రీలందఱును ఆ పాటలే పాడుదురు. అవి వ్రాసియున్న పాత నోటుపుస్తకము మా తాతగారి చేతివ్రాతలో నున్నది. దానిని అచ్చు వేయింపదలచినపుడు, మాకు పినతండ్రి వరుసయగు నొక పెద్దలు, "ఆడవారు పాడియుందురు గాని కట్టినది మా పెదనాన్నగారే. పాటల మొదటి అక్షరములు వరుసగా కూర్చి చూడుడు, వారి పేరే వచ్చును" అనిరి. చూచితిమి. మొదటి రెండక్షరములును వచ్చినవి. మూడవది రాకపోగా నొక పాటను దాటుమనిరి. నాలుగవచోట దీర్ఘమును హ్రస్వముగా నెంచుమనిరి. ఐదవచోట వత్తును విడిచిపెట్టుమనిరి. పేరు వచ్చినది!

అపుడు కళాశాలలో చదువుచున్న మా అన్నకూతురు వంటింటినుండి ఆ నెల పచారీ సామానుల పట్టీని తెచ్చి, కొంతసేపు పెన్సిలుతో గీతలు గీచి, "తాతగారూ, మీరు చెప్పిన మినహాయింపులతోనే లెక్కించితిని. చింతపండు మొదలు జీలకఱ్ఱ వఱకు గల యీ పట్టీలోను ముత్తాతగారి పేరే వచ్చుచున్నది. ఇదియు వారే వ్రాసిరందురా?" అని యడిగినది. ఆ పెద్దలు నవ్విరి గాని పట్టు విడువలేదు. "నీకేమి తెలియునమ్మా! మీ ముత్తవ్వకు బడి యెక్కడిది?" అనిరి. లెక్కలన్నిటికిని మూలమైన మాట యప్పుడు బయటపడినది. బడి లేని స్త్రీ పాట కట్టజాలదని ముందే తీర్పు చెప్పుకొని, సాక్ష్యమును తరువాత వెదకిరి. చేతితొడుగులవాని కుమారుని గూర్చి జరిగిన పనియు నిదియే.

అటుపిమ్మట మేము చోడవరమువైపు ఒక పల్లెలో నున్న మా మేనత్తగారి యొద్దకు పోయి, నోటుపుస్తకమును చూపక, ఆమెకు వచ్చిన పాటలను పాడించి వ్రాసికొంటిమి. భీమునిపట్టణపు ప్రక్కనున్న మఱియొక బంధువురాలి యొద్దను అట్లే చేసితిమి. వారిరువురకును చిరకాలముగా రాకపోకలు లేవు. ఇరువురును పాడిన పాటలలో తొమ్మిదింటికి చివర, నోటుపుస్తకమున లేని చరణమొకటి యున్నది. అందు మా నాయనమ్మగారు తన పేరు చెప్పుకొని అప్పన్నను వేడుకొన్నారు. ఇంటి కోడలి పేరు పరుల నోట పడరాదను నాటి మర్యాదచేత ఆ చరణములను పుస్తకమున నెక్కింపలేదని మేనత్తగారు చెప్పిరి. ఆ తొమ్మిది పాటలను నాయనమ్మగారి పేర అచ్చు వేయించితిమి. తక్కినవానికి అట్టి సాక్ష్యము దొరకనందున, ఇంట పరంపరగా వచ్చినవని వేఱుగా నుంచితిమి.

మన సాహిత్యచరిత్రమునందును పేరు చెఱపిన కథ యున్నది. తంజావూరి ప్రతాపసింహుని ఆస్థానమున నుండిన ముద్దుపళని రాధికాసాంత్వనమును రచించి, పీఠికలో తన పేరును తన వంశమును దాపఱికము లేక చెప్పుకొన్నది. 1887లో వెలువడిన ముద్రణమున ఆ పీఠికయు, కొన్ని పద్యములును పోయినవి. బెంగుళూరు నాగరత్నమ్మగారు వ్రాతప్రతిని సంపాదించి, అచ్చుప్రతితో పోల్చి, లోపించినవానిని చేర్చి 1910లో మరల ప్రకటించిరి. నాటి ప్రభుత్వము దానిని అశ్లీలమని నిషేధించినది. టంగుటూరి ప్రకాశంగారి ప్రభుత్వకాలమున గాని ఆ నిషేధము తొలగలేదు. నాగరత్నమ్మగారు గుట్టులు విప్పలేదు, అంకెలు కట్టలేదు. రెండు ప్రతులను ప్రక్కప్రక్కన పెట్టుకొని చదివిరి. ఆ శ్రమయే కవయిత్రి పేరును ఆమె కావ్యమునకు మరల తెచ్చియిచ్చినది.

లెక్కలు పనికిరావని మా యభిప్రాయము కాదు. అమెరికా రాజ్యాంగమును సమర్థించుచు వెలువడిన ఫెడరలిస్టు వ్యాసములలో 12టి కర్తృత్వము చిరకాలము తగవులో నుండెను. మోస్టెల్లర్, వాలెస్ అను గణితజ్ఞులు 1964లో ప్రకటించిన గ్రంథమున, రచయితలు తమకు తెలియకయే వాడు చిన్న చిన్న మాటల తఱచుదనమును లెక్కించి, అవి జేమ్స్ మాడిసనువని నిర్ణయించిరి. వారు తమ కొలబద్దను మొదట సందేహము లేని రచనలపై సరిచూచుకొనిరి. నేడు కంప్యూటరుతో ఇట్టి లెక్క మన కావ్యములకును చేయవచ్చును. కాని యంత్రముతో చేసినను చేతితో చేసినను, కోరిన పేరు వచ్చువఱకు నియమమును మార్చుకొనుచు పోవుట లెక్క యనిపించుకొనదు.

చదువరులైన గృహస్థులకును గృహిణులకును మా మనవి యొకటి. ఎవరైన పాతపద్యమున రహస్యనామము దొరికినదని చెప్పినపుడు, ఆ పద్ధతితోనే మఱియొక పేరు వచ్చునేమో మీ పిల్లలచేత పరీక్షింపజేయుడు. ఈ పేరు కలవాడు వ్రాయలేడని మొదట ఎవరన్నారో, ఏల అన్నారో కూడ విచారింపుడు. అన్నిటికంటె ముందు, మీ యింటి వృద్ధస్త్రీలు బ్రతికియుండగనే వారి పాటలను చివరి చరణమువఱకు వ్రాసికొని, ఎవరి యొద్ద నేర్చిరో అడిగి, ఆ పేర్లను ప్రక్కన స్పష్టముగా నెక్కింపుడు. ఆ పని నేడు చేసినచో, నూఱేండ్ల తరువాత వారి పాటల కర్తను గూర్చి యక్షరములు లెక్కింపవలసిన యవసర మెవరికిని కలుగదు.