లోపలి గడియ

వచ్చే నెలలో నా పేరున ఒక ఇల్లు రిజిస్టరవుతోంది. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో కాదు, రవాణా శాఖలో. దానికి సర్వే నెంబరు లేదు, ఛాసిస్ నెంబరు ఉంది. పునాది లేదు, టైర్లు ఉన్నాయి. తూర్పు ముఖమా, ఉత్తరం ముఖమా అని ఆరా తీసే బంధువులకి "స్టీరింగ్ ఎటు తిప్పితే అటు" అని చెబుతున్నాను.

మోటార్‌హోమ్ అంటే విశాఖపట్నంలో ఎక్కువమందికి తెలియదు. "కారవాన్" అంటే మాత్రం అందరికీ తెలుసు. బీచ్ రోడ్డులో సినిమా షూటింగులు చూస్తూ పెరిగిన ఊరు కదా మాది. అంబులెన్సులుగా, స్కూలు బస్సులుగా రోజూ కనబడే ట్రావెలర్ వ్యాను మీదే పొరుగు రాష్ట్రంలో ఒక షెడ్డువాళ్ళు దీన్ని కడుతున్నారు. లోపల పడకలు, చిన్న వంటగట్టు, ఒక బాత్రూము. పైన సోలార్ పలకలు, కింద నీళ్ళ ట్యాంకులు. డిగ్రీ కాలేజీలో ముప్పై మూడేళ్ళు తెలుగు చెప్పి రిటైరైనప్పుడు చేతికొచ్చిన డబ్బులో పెద్ద భాగం దీనికే పోయింది.

"ఆ డబ్బు ఏ స్థలం మీదో పెడితే పెరిగేది కదా" అన్నవాళ్ళున్నారు. నిజమే, బండి విలువ ఏటేటా తరిగేదే. కానీ నేను కొంటున్నది పెరిగే ఆస్తిని కాదు. పెళ్ళయ్యాక ఇరవై ఏడేళ్ళు ఉక్కునగరంలో, నా సహచరుడి ఉద్యోగానికి వచ్చిన క్వార్టర్‌లో ఉన్నాం. తర్వాత కూర్మన్నపాలెంలో ఇద్దరి జీతాలతో కట్టుకున్న ఇల్లు ఆయన పేరున ఉంది. నేను సంతకాలు పెట్టిన ఇళ్ళు ఉన్నాయి గానీ, నా పేరున్న ఇల్లు ఇంతవరకూ లేదు. రాసే స్త్రీకి తనదైన గదీ, కొంత డబ్బూ కావాలని వర్జీనియా వుల్ఫ్ 1929లో రాసిన పుస్తకాన్ని క్లాసుల్లో ఎన్నిసార్లు ప్రస్తావించానో లెక్కలేదు. ఆ గదికి చక్రాలు కూడా ఉండొచ్చునన్న ఆలోచన మాత్రం అరవై దాటాకే వచ్చింది.

షెడ్డువాళ్ళు మొదట పంపిన నమూనా చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వ్యాను పొడవునా సగం మేర వంటగట్టు! రెండు పొయ్యిలు, సింకు, ఫ్రిజ్జు, మిక్సీకి ప్లగ్గు, ఇడ్లీ పాత్ర పట్టే అర. బాత్రూము మాత్రం మనిషి పక్కకి తిరిగి దూరాల్సినంత. ఫోన్లో మాట్లాడిన అబ్బాయి ఎంతో మర్యాదగా, "మేడమ్ కోసమని కిచెన్ స్పెషల్‌గా ఇచ్చాం సార్" అన్నాడు. ఫోను నా చేతిలోనే ఉంది, గొంతూ నాదే. ఆ 'సార్' ఎవరో నాకిప్పటికీ అర్థం కాలేదు.

ఆ పూట పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథ మళ్ళీ తీసి చదివాను. ఇల్లు అలికీ అలికీ తన పేరే మర్చిపోయిన ఇల్లాలి కథ. ఇంటికి చక్రాలు తగిలించి వంటగదిని అలాగే ఉంచితే, అరకు లోయలోనైనా, చిలక సరస్సు ఒడ్డునైనా ఆవిడ అలుకుతూనే ఉంటుంది. కిటికీలోంచి కనిపించే దృశ్యం మారుతుందంతే! ఇంట్లోంచి బయటికి వెళ్ళడమూ, ఇంటిని నెత్తిన పెట్టుకుని వెళ్ళడమూ ఒకటి కాదు. నమూనా తిప్పి పంపాను. ఒక పొయ్యి చాలు, టీకీ గంజికీ. మిగతా జాగా బాత్రూముకివ్వండి. లోపల పట్టుకోడానికి రెండు వైపులా కడ్డీలుండాలి. తలుపుకి గట్టి గడియ ఉండాలి, అదీ లోపలి వైపు.

ఈ కడ్డీలు, ఈ గడియ మా అమ్మ కోసం. అమ్మకిప్పుడు ఎనభై రెండేళ్ళు. పుట్టిల్లు ఇచ్ఛాపురం వైపు. అక్కడ ఆవిడ అక్క ఇంకా ఉంది. ఇక్కణ్ణించి హైవే మీద ఒక పూట ప్రయాణం. ఆ ఒక్క పూట ప్రయాణానికి అమ్మ ముందురోజు సాయంత్రం నుంచే నీళ్ళు మానేసేది. బస్సు ఎక్కినా, కారు ఎక్కినా అంతే. నోరు ఎండిపోయి, కళ్ళు తిరిగి, దిగాక రెండు రోజులు మంట, జ్వరం. మోకాళ్ళు పట్టేశాక పొదల చాటుకి వెళ్ళి కూర్చునే దారి కూడా పోయింది. పెట్రోలు బంకుల్లో తాళం కోసం ఎవరినో అడగాలి. అడగలేక పదకొండేళ్ళుగా ప్రయాణమే మానుకుంది. అక్కాచెల్లెళ్ళిద్దరూ వీడియో కాల్‌లో ఒకరి నుదురు ఒకరికి చూపించుకుంటారు. ఫోను సరిగ్గా పట్టుకోవడం ఇద్దరికీ రాదు.

నీళ్ళు మానుకోవడం అమ్మ ఒక్కర్తి అలవాటు కాదు. మలయాళ సినీరంగంపై 2017లో ఏర్పడిన జస్టిస్ హేమ కమిటీ 2019 డిసెంబరులో ఇచ్చిన నివేదిక 2024 ఆగస్టులో గానీ బయటికి రాలేదు. ఆ నివేదికలో లైంగిక వేధింపులతో పాటు ఈ సంగతీ ఉంది. షూటింగుల్లో మరుగుదొడ్లు లేక చిన్న నటీమణులూ, సిబ్బందిలోని స్త్రీలూ నీళ్ళు తాగకుండా గంటలకొద్దీ ఉండి మూత్రనాళ జబ్బులు తెచ్చుకుంటున్నారని. అదే ఆవరణలో పెద్ద తారలకి కారవాన్లు ఉంటాయి. ఒకే పనిచోట ఎవరి శరీరానికి తలుపు ఉంది, ఎవరి శరీరానికి లేదు అన్నది హోదాని బట్టి నిర్ణయమవుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం మొదలై ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకి టిక్కెట్టు లేకుండా పోయింది. మంచి పని. మా పనమ్మాయి తొలిసారి తనంత తాను సింహాచలం వెళ్ళొచ్చింది. కానీ టిక్కెట్టు సమస్య తీరాక కూడా నీళ్ళ సీసా సంచిలోనే ఉండిపోతే ఆ ప్రయాణం సగమే అయినట్టు. ఆ మిగతా సగాన్ని నేను నా డబ్బు పెట్టి కొనుక్కుంటున్నాను. ఇది పరిష్కారం కాదని నాకు తెలుసు.

ఇక తయారీ సంగతి. ఇంట్లో కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి, ఎక్కడికి పోతాయో పట్టించుకోం. ఇక్కడ ప్రతి చుక్కా లెక్కే. వంద లీటర్లు నింపితే బండి వంద కిలోలు బరువెక్కుతుంది. అనంతగిరి ఘాటు దిగేటప్పుడు ఆ వందా బ్రేకుల మీదే పడుతుంది. కాబట్టి కొండ దిగేటప్పుడు చిన్న గేరు. మరుగుదొడ్డి కింద పెట్టె ఇరవై లీటర్లలోపు. అది నిండకముందే సరైన చోట మనమే దించి ఖాళీ చెయ్యాలి. "ఆ పని ఎవరు చేస్తారు?" అని మా మరిది అడిగాడు. తరతరాలుగా ఒక కులం చేతులకి అప్పగించి, మనం ముక్కు మూసుకున్న పని అది. ఈ బండిలో ఎవరు వాడితే వాళ్ళే చెయ్యాలి. నా సహచరుడు ఒక్క క్షణం ఆలోచించి, "గ్లౌజులు కొను" అన్నాడు. నలభై ఏళ్ళ కాపురంలో నాకు బాగా నచ్చిన మాటల్లో ఇదొకటి.

డెలివరీ రోజున చూసుకోవాల్సినవి నోటుపుస్తకంలో రాసుకున్నాను. కాగితాల మీది ఛాసిస్, ఇంజను నెంబర్లు బండి మీద ఉన్నవాటితో సరిపోవాలి. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. స్టెప్నీకి కూడా చూడాలి. ట్యాంకు పూర్తిగా నింపి, అరగంట ఆగి, కింద పాత కాగితాలు పరిచి తడి ఉందేమో చూడాలి. పైకప్పు మీద గొట్టంతో నీళ్ళు కొట్టించాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ని చూసినవాళ్ళం, వాన పైనుంచే రాదని మాకు తెలుసు! ఉప్పుగాలికి అడుగుభాగం తుప్పు పట్టకుండా పూత వేయించాలి. రాత్రి దీపాలన్నీ వేసి బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో చూడాలి. బండి నడుస్తున్నంతసేపూ పడక మీద ఎవరూ పడుకోకూడదు, అమ్మైనా సీటులో బెల్టు పెట్టుకోవాల్సిందే.

"ఇన్ని పరీక్షలా?" అన్నాడు ఆ అబ్బాయి. ఓడలు కట్టే ఊళ్ళో ఉంటున్నాను నాయనా అన్నాను. సముద్రం మీదికి తీసుకెళ్ళి పరీక్షించకుండా ఇక్కడ ఎవరూ ఓడని అప్పగించుకోరు. 1948లో జల ఉష జలప్రవేశం చేసిన ఈ ఊళ్ళోనే, 2025 జులై 8న హిందుస్తాన్ షిప్‌యార్డు 'నిస్తార్' నౌకని నేవీకి అప్పగించింది. నా బండి దాని ముందు చీమ. కానీ అందులో ఎక్కేది మా అమ్మ.

డ్రైవింగ్ కూడా కొత్తగా నేర్చుకుంటున్నాను. ఇరవై ఏళ్ళుగా కారు నడుపుతున్నా, ఈ పొడవుకి వెనక్కి తీయడం వేరే విద్య. లైసెన్సు సరిపోతుందా అన్న సందేహం అందరికీ వచ్చింది, నాకు తప్ప. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఎల్.ఎం.వి. లైసెన్సుతో 7,500 కిలోల లోపు రవాణా వాహనాలు కూడా నడపొచ్చని తేల్చింది. సొంత వాడకానికి రిజిస్టరయ్యే నా బండి ఆ బరువుకి చాలా లోపలే ఉంది. సీటు మాత్రం పొడుగాటి మగవాడి కొలత. క్లచ్చు అందాలంటే ముందుకి జరపాలి, జరిపితే స్టీరింగు పొట్టకి తగులుతుంది. సీటు కింద పట్టాలు మార్చి బిగించమన్నాను. ఈ వయసులో ఎందుకమ్మా అని నేర్పే ఆయన అడిగితే, మన విశాఖ అమ్మాయి పి. స్వాతి పేరు చెప్పాను. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరి, 254 రోజుల్లో 'తారిణి' అనే తెరచాప పడవలో భూగోళం చుట్టి వచ్చిన ఆరుగురు నౌకాదళ అధికారిణుల్లో ఆమె ఒకరు. హైదరాబాదు అమ్మాయి బి. ఐశ్వర్య ఇంకొకరు. పదిహేడు మీటర్ల పడవే వాళ్ళకి ఇల్లూ, వంటిల్లూ, ఆఫీసూ. ఆయన ఇంకేమీ అడగలేదు. "సరే, రివర్సు గేరెయ్యండి" అన్నాడు.

ఇంతవరకూ హుషారుగానే ఉంది. అయితే "రాత్రి ఎక్కడ ఆపుతారు?" అన్న ప్రశ్న దగ్గర నా హుషారు కొంచెం తగ్గుతుంది. స్నేహితుల ఇళ్ళ ముందు, ధాబాల దగ్గర, గుళ్ళ ఆవరణల్లో. ఎవరైనా వచ్చి తలుపు కొడితే నా చేతిలో ఆర్సీ ఉంటుంది, నోట్లో ఇంగ్లీషు ఉంటుంది. "సారీ మేడమ్" అని వెళ్ళిపోతారు. కదిలే ఇల్లు అందరికీ ఇంత మర్యాద తేలేదు. ఉప్పూ ధాన్యమూ పశువుల మీద వేసుకుని ఊరూరా తిరిగి బతికిన ఎరుకలవాళ్ళని, 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని మద్రాసు రాష్ట్రానికి విస్తరించి, పుట్టుకతోనే దొంగలుగా రాసుకున్నారు. స్టూవర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో కట్టి పడేశారు. మీనా రాధాకృష్ణ పుస్తకం 'డిసానర్డ్ బై హిస్టరీ' ఈ చరిత్రనంతా చెబుతుంది. 1952లో ఆ చట్టం పోయింది. ఫ్లైఓవర్ కింద బుట్టలల్లుకునే కుటుంబం మీద చూపు మాత్రం పోలేదు. 1830లో కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య గారి వెంట డేరాలు కదిలాయి. ఆ కదలికని మనం యాత్రాసాహిత్యం అన్నాం. ఆయన పల్లకీ మోసిన బోయీల నడకకి ఏ పేరూ పెట్టలేదు.

ఇక్కడే, మా పోర్టు రోడ్డులో, అసలైన మోటార్‌హోములు వరసగా నిలబడి ఉంటాయి. లోడు కోసం ఎదురుచూసే లారీలు. క్యాబిన్లోనే పడక, చక్రం పక్కన స్టవ్వు, అద్దానికి పిల్లల ఫొటో. కొత్తగా తయారయ్యే లారీల క్యాబిన్లకి ఏసీ తప్పనిసరి చేశారు. మరి వాళ్ళు స్నానం ఎక్కడ చెయ్యాలి? ఇక ఉక్కు ఫ్యాక్టరీ కోసం అరవైకి పైగా ఊళ్ళు ఖాళీ అయ్యాయి. 1966లో ప్రాణాలిచ్చి తెచ్చుకున్న ఫ్యాక్టరీ అది. దాన్ని నిలుపుకోడానికి 2021 నుంచి జరిగిన పోరాటంలో నేనూ నిలబడ్డాను. అయినా కదలని ఇళ్ళు అనుకున్నవాటిని ఎలా కదిలించారో ఆ కాలనీల ముసలమ్మలు చెబితే విన్నాను. అక్కడి మూడు బ్లాస్ట్ ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. నదుల పేర్లూ, అన్నం పెట్టే తల్లి పేరూ కొలిమికి ఉన్నాయి. ఆ ముసలమ్మల పేర్లు ఎక్కడున్నాయో!

ఇవన్నీ తెలిసీ కొనడమెందుకు అంటే, అమ్మకి ఎనభై రెండేళ్ళు కాబట్టి. హైవే పొడవునా శుభ్రమైన, తాళం వెయ్యని మరుగుదొడ్ల కోసం అడుగుతూనే ఉంటాను. అవి వచ్చేదాకా పెద్దమ్మ ఆగుతుందని నమ్మకం లేదు.

బండి లోపల అంటించడానికి ఒక కాగితం రాసి పెట్టాను. తిన్నవాళ్ళే కడగాలి. పెట్టె ఖాళీ చేసే పని వంతులవారీగా. నడిపేవాళ్ళకి ఎవరూ సలహాలివ్వకూడదు. నాలుగోది: ఎక్కడ ఆగినా, ఏ ఆడమనిషి అడిగినా బాత్రూము ఇవ్వాలి, కారణం అడక్కూడదు. అమ్మకి చదివి వినిపించాను.

"అందరికీ ఇచ్చేస్తే మనకేటుంటాదే అమ్మీ? ఇరవై లీటర్లే అన్నావు కదా" అంది.

"నిండితే దించి పారబోద్దాం."

కాసేపు లెక్క వేసుకుంది. "అయితే ఇంకో బకెట్టు ఎట్టు. నీల్లు ఎక్కువ పట్టు."

డెలివరీకి తనూ వస్తానంటోంది. టైర్ల తేదీలూ, ఛాసిస్ నెంబరూ నేను చూసుకోవాలట. లోపలికెళ్ళి తలుపేసుకుని, కడ్డీ పట్టుకుని కూర్చుని లేచి, గడియ తనే వేసి తీసి చూస్తుందట. అంతవరకూ ఎవరూ సంతకం పెట్టకూడదు. నా జాబితాలో మొదటి అంశం కొట్టేసి, దీన్ని పైన రాశాను.