ఎత్తు పెంచిన బండి

ఇస్మాయిల్‌ఖాన్‌పేట చుట్టుపక్కల తండాల్లో కాడెద్దులు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే మిగిలాయి. కొట్టాలు ఉండే జాగాలో బండ్లు నిలబడుతున్నాయి. ఎక్కువగా బొలేరో పికప్‌లు, కొన్ని టాటా ఏస్‌లు, ఒకటో రెండో పాత 207లు. తెల్లారకముందే కూరగాయలతో పటాన్‌చెరు వైపు పోతాయి. పగలు ఇటుకలు, సిమెంటు మోస్తాయి. కంపెనీల నుంచి డ్రమ్ములు, అట్టపెట్టెలు, తుక్కు తెస్తాయి. పత్తి తీసే రోజుల్లో బోరాలు ఎక్కిస్తాయి. బడికి పోతూ వస్తూ చూస్తుంటాం కదా, వీటిలో చాలా బండ్లు కంపెనీ నుంచి వచ్చిన తీరుగా లేవు. వెనక కమాన్ పట్టీలు ఎక్కువేశారు. టైర్లు పెద్దవి ఎక్కించారు. కొన్నిటికి ముందు భాగం కూడా లేపారు. ఇదేందిరా అని అడిగితే "లెవల్ చేయించినం సార్" అంటారు మా పిల్లలు.

ఈ మాట మీద మాకు కొంచెం పట్టింపు ఉంది. ఎందుకంటే మా గోర్ వాళ్లకు బరువు లెవల్ చేయడం ఇవాళ పటాన్‌చెరులో నేర్చుకున్న పని కాదు.

లదేణి అంటే ఇప్పటి పిల్లలకు పాటల్లో వినే మాట. మా తాతముత్తాతలకు అది బతుకు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశం మీద తిరిగారు. పదిహేడో శతాబ్దంలో వజ్రాల బేరానికి గోల్కొండ దాకా వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్, ఒక్కో బిడారులో పదివేలు, పన్నెండువేల ఎద్దులు నడిచేవని రాశాడు. ఎదురుపడితే బాట ఖాళీ అయ్యేదాకా ఆగాల్సిందే. 1803లో మరాఠాల మీద యుద్ధానికి పోయిన వెల్లెస్లీ సైన్యానికి తిండిగింజలు మోసింది మావాళ్లే, ఇంగ్లీషువాళ్లు బ్రింజారీలు అని రాసుకున్నది మమ్మల్నే. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు పడింది. ఉప్పు రైలెక్కింది, ఎద్దులు దిగిపోయాయి.

ఆ ఎద్దు మీద వేసే సంచిని గోణి అంటారు. వీపుకు అటొకటి ఇటొకటి వేలాడాలి. రెండు వైపులా తూకం ఒకటే ఉండాలి. ఒక పక్క నాలుగు శేర్లు ఎక్కువైతే సాయంత్రానికి ఎద్దు వీపు పుండవుతుంది. మా ముసలివాళ్లు గోణి కుట్టే నార గురించి, ముడి గురించి చెప్పినంత సేపు దేవుడి గురించి కూడా చెప్పేవాళ్లు కాదు. ఇంకో మాట కూడా చెప్పేవాళ్లు. బరువు మించితే ఎద్దు కదలదు, కొట్టినా కదలదు. బండికి ఆ గుణం లేదు. ఎంత వేసినా కదులుతుంది. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

ఈ బండ్లు మాకు దూరపువేం కావు. పికప్‌లు కట్టే మహీంద్రా ఫ్యాక్టరీ జహీరాబాదులో ఉంది, ఒకప్పుడు ఆల్విన్ నిస్సాన్ ఉన్నచోట. టైర్లు చేసే ఎంఆర్ఎఫ్ సదాశివపేటలో ఉంది. రెండూ 65వ నంబరు జాతీయ రహదారి దగ్గరివే, రెండూ మా సంగారెడ్డి జిల్లావే. బండి, టైరు రెండూ ఇంటి సరుకే. దాన్ని మార్చే షెడ్లు కూడా అదే రోడ్డు పొడుగునా ఉన్నాయి.

లెవలింగ్ కిట్టు అనే పేరు అమెరికా నుంచి వచ్చింది. ఏ పికప్పయినా ఖాళీగా ఉన్నప్పుడు వెనక కొంచెం ఎత్తుగా నిలబడుతుంది. బరువు పడ్డాక వెనక దిగి, ముందుకు సమానం కావాలని కంపెనీవాళ్లే అట్లా కడతారు. అక్కడ చాలామంది పికప్‌ను కారులాగా తిప్పుతారు కాబట్టి ఖాళీ బండి ముక్కు కిందికి వంగినట్టు కనిపించడం వాళ్లకు నచ్చదు. ముందు స్ప్రింగు దగ్గర ఒక దిమ్మె పెట్టి ఇంచో రెండించులో లేపుతారు. దాంతో పెద్ద టైరు తిరగడానికి జాగా కూడా దొరుకుతుంది. మన దగ్గర ఆ షోకు ఇసుజు వీ-క్రాస్ కొన్నవాళ్లది. ఆ కంపెనీ 2016 నుంచి ఆంధ్రలోని శ్రీసిటీలో నడుస్తోంది. ఔటర్ రింగు రోడ్డు మీద ఛాతీ ఎత్తు బండి, దొబ్బ టైర్లు, వెనక తొట్టిలో ఏమీ ఉండదు. వాళ్ల డబ్బు వాళ్లిష్టం.

మా పిల్లల సంగతి వేరు. వాళ్లు లేపేది వెనక భాగం, బరువు కోసం. కిరాయి ఇచ్చేవాడు ట్రిప్పుకు ఇంత అని మాట్లాడతాడు, టన్నుకు ఇంత అని మాట్లాడడు. ఒకే ట్రిప్పులో ఎంత ఎక్కితే అంత వాడికి లాభం. రెండు టన్నులు వేస్తే బండి వెనక కూలబడి, డాలా రోడ్డుకు తగిలేటట్టు అవుతుంది. అది చూసి పోలీసాయన ఆపుతాడు. అదనంగా రెండు పట్టీలు వేస్తే అంతే బరువుకు బండి నిటారుగా ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. అసలు సంగతి ఇది. వానాకాలం నల్లరేగడి బాటలో అడుగు తగులుతుందని, పెద్ద టైరుంటే చేను దాకా పోవచ్చని చెప్పేది కూడా నిజమే గాని అది రెండో కారణం. చూడటానికి బండి పులిలా ఉండాలన్నది మూడోది, దాన్ని ఎవరూ ఒప్పుకోరు.

మా చిన్నాయన కొడుకు ఫైనాన్సులో పికప్ తీశాడు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట దుర్గా భవాని గుడి ముందు నిమ్మకాయలు తొక్కించి, తండాకు తెచ్చిన రోజు అందరం దాని మీద చేయి వేసి చూశాం. ఆరు నెలలు తిరగకుండానే పటాన్‌చెరు పక్కన ఒక షెడ్డుకు తీసుకుపోయాడు. ఆదివారం కావడంతో మేమూ వెంట వెళ్లాం. ఉస్తాద్ పెద్దమనిషి, చేతి పని తెలిసినవాడు. జాకీలు పెట్టి, యూ బోల్టులు విప్పి, సెంటర్ బోల్టు తీసి, పాత లారీ పట్టీ కోసి వంచినవి రెండు కింద జోడించాడు. పొడుగు యూ బోల్టులు బిగించాడు. లేచి నిలబడ్డ వెనక భాగం చూసి మా తమ్ముడు నవ్వాడు. "ఇప్పుడు ఎంత బరువుకైనా వంగదు" అన్నాడు ఉస్తాద్.

"పట్టీ వంగకపోతే ఆ బరువు ఎక్కడికి పోతది భాయ్?" అని అడిగాం.

ఆయన దాచలేదు. "ఛాసిస్‌కు పోతది సార్. హౌజింగ్‌కు పోతది. బేరింగులకు పోతది. పట్టీ ఇరగదు, ఇంకోటి ఇరుగుతది."

ఇట్లా చెప్పే మెకానిక్కులు అరుదు. అయినా పని ఆపలేదు, ఆయనకూ కిరాయి షెడ్డే.

తర్వాత టైర్ల మాట వచ్చింది. ఉన్నవి 215/75 ఆర్ 15. వేద్దామనుకున్నవి 235/75 ఆర్ 15. మరునాడు ఈ అంకెలు అయిదో తరగతి నల్లబల్ల మీద రాశాం. టైరు వెడల్పు 215 మిల్లీమీటర్లు. అందులో 75 శాతం పక్కగోడ ఎత్తు, అంటే 161. డిస్కు 15 ఇంచులు, అంటే 381. కింద ఒక గోడ, పైన ఒక గోడ కలిపితే టైరు మొత్తం ఎత్తు సుమారు 703. అదే లెక్క 235కు చేస్తే 733. తేడా 30 మిల్లీమీటర్లు, అందులో సగమే బండి నేల నుంచి లేస్తుంది. 15 మిల్లీమీటర్లు. ఒక పాప తన చిటికెనవేలు అడ్డంగా పెట్టి చూపించింది, "గింతేనా సార్?" అని. గింతే. డబ్బులు పోసి కొనే ఎత్తు చిటికెనవేలు మందం.

కాని ఆ 30 మిల్లీమీటర్లు ఇంకో పని చేస్తుంది. చక్రం ఒక చుట్టుకు 94 మిల్లీమీటర్లు ఎక్కువ నడుస్తుంది. మీటరు 60 చూపించేటప్పుడు బండి 62 దాటి పోతుంటుంది. చక్రం పెద్దదైన కొద్దీ ఇంజను లాగడానికీ, బ్రేకు ఆపడానికీ అంత బలం ఎక్కువ కావాలి. బ్రేకు మాత్రం పాతదే. స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు రెక్కకు రాసుకుంటుంది. అప్పుడు ముందు కూడా లేపాలంటారు. ఒక మార్పు ఇంకో మార్పును పిలుస్తుంది.

టైరు పక్కన ఇంకో అంకె ఉంటుంది. 100 అని ఉంటే ఒక్కో టైరు 800 కిలోలు మోస్తుందని, 105 అని ఉంటే 925 అని అర్థం. దీన్ని చూసి మా తమ్ముడు "టైరు మోస్తదంటున్నది కద" అన్నాడు. టైరు మోస్తుంది. ఇరుసు మోయాలి కద, బ్రేకు ఆపాలి కద. బండి ఎంత మోయాలో ఆర్‌సీలోనే రాసి ఉంటుంది. బరువుతో ఉన్న తూకంలోంచి ఖాళీ తూకం తీసేస్తే మిగిలేదే దాని మోత. మా మూడో తరగతి పిల్లలు చేసే తీసివేత అది.

అందరికీ తెలియని సంగతి ఒకటి ఉంది. కొన్ని పికప్‌లకు వెనక ఇరుసు దగ్గర ఒక చిన్న కడ్డీ, దానికో వాల్వు ఉంటాయి. బండి ఎంత కిందికి దిగిందో ఆ కడ్డీ కనిపెడుతుంది. బాగా దిగితే బరువుందని వెనక బ్రేకుకు ఎక్కువ ఒత్తిడి పంపుతుంది, ఎత్తుగా ఉంటే ఖాళీ బండి అనుకొని తక్కువ పంపుతుంది. పట్టీలు వేసి వెనక లేపిన బండిలో రెండు టన్నులున్నా ఆ కడ్డీకి అది ఖాళీ బండే. దిగుడులో బ్రేకు తొక్కితే బండి ఆగేది ఎంత దూరం పోయాకనో చెప్పలేం. పైగా సరుకంతా అంత ఎత్తున ఉంటుంది కాబట్టి మలుపులో పక్కకు లాగుతుంది. ముందు భాగం కూడా లేపిన బండికైతే రాత్రిపూట లైట్ల సంగతి చూడండి, వెలుతురు బాట మీద పడాల్సింది ఎదుటివాడి కళ్లలో పడుతుంది.

చట్టం కూడా చూశాం. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన కొలతలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటను గట్టిగా చెప్పింది. అదే ఏడు సవరించిన చట్టంలో ఒక్కో మార్పుకు అయిదువేల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు, రెండూ వేయొచ్చని ఉంది. బరువు మించితే ఇరవైవేలు, పైన టన్నుకు రెండువేలు. బరువు జరిమానా నడిపినవాడికే కాదు, నడిపించినవాడికి కూడా వర్తిస్తుందని ఆ సెక్షనులోనే రాశారు. మేం చూసినంతలో రోడ్డు పక్కన చెయ్యి కట్టుకొని నిలబడేది మాత్రం మా పిల్లలే. సరుకు ఎక్కించినవాడు ఫోను కూడా ఎత్తడు.

ఫిట్‌నెస్ తేదీ దగ్గరికి రాగానే ఇంకో తమాషా. ముందురోజు షెడ్డుకు పోయి పట్టీలు తీయించాలి, పాత టైర్లు వేయించాలి. బ్రేక్ ఇన్‌స్పెక్టరు చూసి పంపాక మళ్లీ షెడ్డు. రెండుసార్లు కూలి. పాత టైర్లు అందుకే ఎవరూ అమ్మరు, మంచం కింద దాస్తారు.

సరుకు దాకా అయితే ఇంత రాసేవాళ్లం కాదేమో. ఈ బండ్లలో మా ఆడవాళ్లు పోతారు. పత్తికి, మిరపకు, నాట్లకు. నారాయణఖేడ్ వైపు తండాల నుంచి చెరుకు కొట్టడానికి కర్ణాటక, మహారాష్ట్ర దాకా పిల్లాజెల్లలతో పోయేవాళ్లు ఉన్నారు. లేపిన బండి డాలా ఎక్కాలంటే ముసలి యాడీలకు ఒకరు చేయి పట్టి లాగాలి, ఒకరు కింద నుంచి నెట్టాలి. లోపల కూర్చున్నాక పట్టీలు వంగవు కాబట్టి ప్రతి గుంతా నడుముకే. 2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లా పీఏపల్లి మండలంలో మిరప ఏరడానికి పోతున్న పడమటి తండా కూలీల ట్రాక్టరు కాలువలో పడి తొమ్మిది మంది చనిపోయారు. అది ట్రాక్టరు, ఇది పికప్పు. రెండూ సరుకు బండ్లే. సరుకు బండిలో ఊరికే ఎక్కిన మనిషికి బీమా కంపెనీ పరిహారం కట్టక్కర్లేదని 2002 చివర్లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఈ సంగతి తండాలో చదివి వినిపిస్తే కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక పెద్దమ్మ "అయితే మేం బోరాల కన్నా కనిష్టమా?" అంది. బోరాలకు బీమా చేయించుకుంటే వస్తుంది.

మా తమ్ముడు ఒక ఏడాది ఎత్తు బండే నడిపాడు. వెనక బేరింగు రెండుసార్లు పోయింది. ఛాసిస్‌లో పట్టీ కూర్చునే చోట వెంట్రుకంత పగులు కనిపించింది, వెల్డింగు పెట్టించాడు. ఆ వెల్డింగు చూశాక వాళ్ల యాడి బండి ఎక్కనంది. మొన్నటి ఫిట్‌నెస్‌కు పట్టీలు తీయించినవాడు మళ్లీ వేయించలేదు. పెద్ద టైర్లు అసలు కొననే లేదు. ఇప్పుడు ధర్మకాంటా దగ్గర ఆగి తూకం చీటీ తీసుకుంటాడు. బరువును డాలా వైపు కాకుండా క్యాబిను వైపు జరిపి, రెండు పక్కలా సరిచూసి తాడు కడతాడు. ఎవరు నేర్పారంటే నవ్వుతాడు. ట్రిప్పు లెక్కన మాట్లాడే కాంట్రాక్టరు వేరే బండిని పెట్టుకున్నాడు, ఆ కిరాయి పోయింది. కిస్తీ ఒక నెల ఆలస్యమైంది. కూరగాయల వాళ్లు టన్ను లెక్కన ఇస్తున్నారు, తక్కువే గాని రోజూ ఉంటుంది. పత్తికి పోయే ఆడవాళ్లు ఈ ఏడు రైతునే అడిగి ఆటో కిరాయి కూలితో పాటు మాట్లాడుకున్నారు. ఇద్దరు రైతులు ఒప్పుకున్నారు, ఒకరు ఒప్పుకోలేదు.

తీసేసిన రెండు పట్టీలు కొన్నాళ్లు గోడకు ఆనించి ఉన్నాయి. మంచి ఉక్కు. దసరా దాటాక చెరుకుకు పోయే చుట్టాలు వచ్చి కమ్మరి దగ్గరికి పట్టుకుపోయి నాలుగు కత్తులు కొట్టించుకున్నారు.